తొమ్మిది గ్లాసులు

మేడం,

మీరు పోయి ఏడాదయింది. ప్రాక్టికల్స్ వస్తున్నాయని మన మరిపెడ కాలేజీ ల్యాబులో పోయిన నెల చేపల సీసాల్లో నీళ్లు నేనొక్కడినే మార్చాను.

మీరు రామేశ్వరం నుంచి తెచ్చిన వేలెడంత చేప గుర్తుందా? సముద్రంలో పగడపు దిబ్బల సందుల్లో బతుకుతుందని, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటుందని, కడుపుతో ఉండగానే వలలో పడిందని ఏటా చెప్పేవారు. సముద్రం చూడని మన పిల్లలు సీసా చుట్టూ మూగేవాళ్లు.

నిన్న ఒక అమ్మాయి పిలిచింది.

"అన్నా, గీ చేప మురిగిపోయింది. గిండ్ల ఏం పోసినవ్?"

మూత తీస్తే కంపు. చేప కడుపు పగిలి, బియ్యపు గింజలంత పిల్లలు నాలుగు బయటపడి ఉన్నాయి. వేలితో తాకితే చెదిరిపోయాయి.

ఇరవై ఏళ్లు మీరే ముందు, చేప చెడిపోకుండా, ఒక చిన్న గ్లాసు ఫార్మలిన్ పోసి, "ఇగ నీళ్లు పొయ్యి యాకూబన్నా" అనేవారు. నేను అదే గ్లాసుతో తొమ్మిదిసార్లు నీళ్లు పోసేవాణ్ని.

ఈసారీ తొమ్మిదే పోశాను మేడం. పైన ఒక గ్లాసు వెలితి కనబడింది. ఎందుకో తోచక, అట్లాగే మూత బిగించాను.