ఒక నాబ్, రెండు వోల్టేజీలు

ప్రియమైన మామయ్యగారికి,

మేం కులాసా. ఇంట్లో సొంతంగా ఒక పవర్ సప్లై పెట్టె కడుతున్నాను. ఒకే నాబ్ తిప్పితే ప్లస్, మైనస్ వోల్టేజీలు రెండూ సమానంగా పెరగాలి. కానీ ప్లస్ పన్నెండు వోల్టులకి వెళ్తే, మైనస్ పదిన్నర దగ్గరే ఆగిపోతోంది. లోపలి ఫోటో పంపుతున్నాను. జీవితమంతా రేడియో స్టేషన్‌లో పనిచేసినవారు, మీకు తెలియనిదేముంది?

మీ అబ్బాయి గురించి మీరు అడగరు కాబట్టి రాయడం లేదు.

మీ కోడలు

అమ్మాయికి,

ఫోటో చూశాను. పవర్ సప్లై అని నువ్వు రాశావు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎలకల గూడనుకునేవాణ్ణి. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య రెండు రెసిస్టర్లున్నాయే, అవి సమానంగా ఉంటేనే మైనస్ ప్లస్ వెంట నడుస్తుంది. మీటరు పెట్టి కొలిచి వేశారా, డబ్బాలో చెయ్యి పెట్టి దొరికినవి వేశారా? ఆ సోల్డరింగు చూడు, చీమిడి కారినట్టుంది! బజారులో మంచిది కొనుక్కుని, దీన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోండి.

మామయ్య

ప్రియమైన మామయ్యగారికి,

రెసిస్టర్లు కొలిచి మార్చాం. ఇప్పుడు రెండు వైపులా సరిగ్గా పన్నెండు. మైనస్‌కి బల్బు తగిలించినా మీటరు ముల్లు పన్నెండు నుంచి కదల్లేదు. కావాలని ప్లస్ వైపు వైర్లు కలిపేస్తే మైనస్ కూడా సున్నాకి దిగిపోయింది. విడదీయగానే రెండూ లేచాయి.

మీరు ఇంత తిట్టారు గానీ, 'బాగున్నారా' అని ఒక్క ముక్క రాయలేకపోయారు. ఉద్యోగం మానేసి రిపేరు షాపు పెడతానన్నందుకు కన్నకొడుకుని 'నీ చేతికి స్క్రూడ్రైవరు కూడా దండగ' అన్న మనిషి దగ్గర అంతకంటే ఏం ఆశించను?

మీ కోడలు

అమ్మాయికి,

మీ ఇద్దరికీ అబద్ధమాడటం కూడా చేతకాదు. ట్రాన్సిస్టర్ కాళ్లు అలా వంకరగా వంచేది ఈ భూమ్మీద ఒక్కడే, ఆ ఎడమచేతి వెధవ. ఫోటో చూడగానే తెలిసింది. తెలిసే జవాబు రాశాను.

బల్బు వెలిగించి పనిచేసిందనుకోవడం పిల్లచేష్ట. ఎక్కువ కరెంటు లాగే పెద్ద లోడు పెట్టి, పెట్టె బాగా వేడెక్కేదాకా నడపాలి. అప్పుడు తెలుస్తుంది దాని బతుకు. అలాంటి లోడు రెసిస్టరు నా దగ్గరుంది. పోస్టులో పంపితే పగలగొట్టుకుంటారు. ఆదివారం పొద్దుటి బస్సులో నేనే తెస్తున్నాను. చూడ్డానికి వస్తున్నది ఆ పెట్టెని, మిమ్మల్ని కాదు.

బస్టాండుకి వాణ్ణి రమ్మను. ఏమీ మాట్లాడక్కర్లేదు. సంచి బరువుగా ఉంటుంది, ఒక పక్క పట్టుకుంటే చాలు.

మామయ్య