బ్యాటరీ కింది వైరు

అక్కా,

మొన్న ఫోన్లో బావ ఇక్కడికి రాలేదని నీకు అబద్ధం చెప్పాను. బావ మూడు రోజులుగా కోరుట్లలో నా మెకానిక్ షెడ్డులోనే ఉన్నాడు. నోటితో చెప్పలేక రాసి, బావ చేతికే ఇచ్చి పంపుతున్నాను.

కిరాయికి తిప్పే కారు మూడో గేరులోనే ఇరుక్కుపోతోంది, గేర్‌బాక్స్ మార్చాలని, దానికి లక్షలవుతాయని ఎవరో చెప్పారట. "కారు అమ్మి దుబాయి పోత, అక్కకు చెప్పకు" అన్నాడు. అప్పటికే జగిత్యాల ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేశాడు.

స్కానర్ పెడితే, గేర్లు మార్చే కంప్యూటర్‌కు కరెంటు ఉండుండి ఆగిపోతోందని తేలింది. అప్పటినుంచి ఒక్కో వైరూ మీటరుతో చూసుకుంటూ వచ్చాను. ఈ ఉదయం బ్యాటరీ కింద ఒక వైరు కదిలించగానే మీటరులో అంకె పడిపోయింది. పైతొడుగు బాగానే ఉంది, లోపల రాగి నాచులా పచ్చబడి తెగింది.

"గీ జానెడు వైరుకేనా నేను దేశం దాటుదామనుకున్నది?" అని బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

కొత్త వైరు వేసి జగిత్యాల వెళ్లాం. వాన వెలిసి, పొలాల మీద తెల్లగా ఆవిరి లేస్తోంది. గేర్లు ఎప్పుడు మారాయో తెలియలేదు. నీళ్ల మీద తేలిపోతున్నట్టే ఉంది. పాస్‌పోర్టు వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రానికి సిరిసిల్ల చేరతాడు. ఏమీ అడగకు అక్కా. వెళ్లి కారులో కూర్చో.

నీ తమ్ముడు