పైలట్ గారి గురువారాలు

వినుకొండ మండలం,
14 నవంబరు 2025.

గౌరవనీయులైన పీరు అన్నయ్య గారికి,

మీ చెల్లెలు మాధురి నమస్కారాలు. మెహర్ వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. మేమిక్కడ బాగానే ఉన్నామని రాయాలి. రాయలేకపోతున్నాను.

ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతారేమో. మీ నంబరు మా ఆయన ఫోన్లోనే ఉంది. ఆ ఫోను ఇప్పుడు ఆయన స్నానానికి వెళ్లినా వెంటే వెళ్తోంది. ఆర్మీలో మీరిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను.

ఆర్మీ నుంచి వచ్చేశాక డ్రోన్ పైలట్‌నవుతానని ఆయన అన్నప్పుడు అందరికంటే సంబరపడింది నేనే. నలభై దాటాక మళ్లీ క్లాసులో కూర్చుని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. మిరప చేలకు మందు కొట్టే డ్రోను ఇంటికొచ్చింది. బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. "మా ఆయన పైలట్" అని ఊళ్లో నేను చెప్పని మనిషి లేడు.

అంతే. ఆ డ్రోను ఇంతవరకూ షెడ్డు దాటలేదు. ఎవరైనా పిలిస్తే ఒకసారి గాలి ఎక్కువగా ఉందంటారు, ఒకసారి బ్యాటరీ బాగాలేదంటారు. ప్రతి గురువారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని గుంటూరు బస్సెక్కుతారు. స్పేర్ పార్టుల కోసమట. వట్టి చేతులతో తిరిగొస్తారు. సాయంత్రమైతే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని షెడ్డు తలుపేసుకుంటారు. నేను తలుపు తడితే ఉలిక్కిపడి ఫోను బోర్లా పెడతారు.

మొన్న మా పక్క చేను చెంచయ్య బాబాయి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లొచ్చి, "ఏమ్మా, బాలుకి బ్రాడీపేటలో ఏం పని? మందుల షాపు పక్క మేడ మెట్లు దిగతన్నాడు. ఎవరో ఆడమనిషి నవ్వుతా సాగనంపింది. ఒరేయ్ బాలూ అని కేకేస్తే విననట్టే ఆటో ఎక్కాడు" అన్నాడు.

అన్నం వడ్డిస్తూ ఆ సంగతి అడిగాను. "బాబాయికి చూపు తగ్గింది" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. సగం అన్నం అలాగే ఉంది.

అన్నయ్యా, నాకు మీ మీదా అనుమానమే. రోజూ ఇద్దరూ మాట్లాడుకుంటారు. నేను దగ్గరికొస్తే "సరే పీరూ, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తారు. ఆవిడెవరో మీకు తెలిసే ఉంటుంది. తెలిసీ దాస్తే ఇకమీదట నన్ను చెల్లెమ్మా అని పిలవకండి. వచ్చే గురువారం నేనూ గుంటూరు వెళ్తున్నాను.

ఇట్లు,
ఇప్పటికింకా మీ చెల్లెలే,
మాధురి

తా.క.: ఈ ఉత్తరం పోస్టు చేసేలోపే గురువారం వచ్చి వెళ్లిపోయింది. పైన రాసినవేవీ కొట్టేయడం లేదు. అవి మీకూ కాస్త తగలాలి.

ఆయన వెళ్లాక తర్వాతి బస్సులో వెళ్లి, బాబాయి చెప్పిన మేడ ఎక్కాను. పోట్లాడటానికే ఎక్కాను. పైన మానసిక వైద్యుల బోర్డు ఉంది. లోపల ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, చెమటతో చొక్కా తడిసి ముద్దై కూర్చున్నారు. ఎదురుగా ఆవిడ, డాక్టర్ నజ్మీన్ గారు. ఆయన వింటున్నది డ్రోను చప్పుడట. షెడ్డులో రోజూ వింటున్నదీ అదే, కొంచెం కొంచెం పెంచుకుంటూ.

సరిహద్దులో డ్రోను బాంబు వేసినప్పుడు మీ ఆర్మీ స్నేహితుడు శ్రీకృష్ణ ఆయన పక్కనే పోయాడని నాకు తెలుసు. ఆ చప్పుడు ఆయన్నింకా వదల్లేదని తెలియదు. "ట్రైనింగులో చిన్న డ్రోనుతో పళ్లు బిగబట్టి నెట్టుకొచ్చా. మందు కొట్టే ఈ పెద్దది లేస్తుందనుకుంటేనే గుండె ఆగినట్టవుతుంది. నువ్వు ఊరంతా పైలట్ పైలట్ అని చెప్పుకున్నావు. చప్పుడుకే భయమని నీతో ఎట్లా చెప్పను మాధురీ?" అన్నారు.

మరి ఈ పనే ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. "అది నా చెయ్యి చెప్పినట్టు వింటే నిద్ర పడుతుందనుకున్నా" అన్నారు.

ఆ డాక్టరు దగ్గరికి పంపింది మీరేనట.

ఇవాళ పొద్దున చెంచయ్య బాబాయి మిరప చేలో మొదటిసారి ఎగరేశారు. అది రొద చేస్తూ లేవగానే ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. రిమోటు వదిలేస్తారనుకున్నాను.

"మాట్లాడు మాధురీ, ఆపకుండా మాట్లాడు" అన్నారు.

ఏం మాట్లాడాలని అడిగాను.

"ఏదైనా. తిట్టు."

తిట్టాను. నన్ను పరాయిదాన్ని చేసినందుకు తిట్టాను, భయాన్ని ఒక్కరే మోసినందుకు తిట్టాను. గట్టు మీద నుంచి బాబాయి బిత్తరపోయి "చేలో ఏం గొడవమ్మా మీకు!" అని అరిచాడు. డ్రోను ట్యాంకులో మందు ఖాళీ అయ్యేదాకా నేను ఆపలేదు. డ్రోను మెల్లగా దిగింది. ఆయన మొహం తుడుచుకుని, రెండో ట్యాంకు నింపమన్నారు.

నా దగ్గర తిట్లు అయిపోయాయన్నాను.

"అయితే మళ్లీ మొదట్నుంచి అందుకో" అన్నారు.