నా కేక లేనిదే పెట్టె లేవదు

చిన్నమ్మలూ, అందరికీ నాన్న దీవెనలు, నేను గుండ్రాయిలా ఉన్నాను.

వయసైపోయింది, పని మానేసి వచ్చెయ్యమని రాశావు. రాను గాక రాను! బరువులు ఎత్తేది కూలీలు, నేను కేక వేస్తానంతే. మా సామాన్ల కొట్టులో మూడు భాషల కూలీలున్నారు: మనవాళ్లు, వేరే రాష్ట్రం అన్నదమ్ములిద్దరు, ఇంకో దేశం నుంచి వచ్చిన పొడుగాయన. "హో" అంటే మనకి ఎత్తమని, అన్నదమ్ములిద్దరికీ ఆగమని, పొడుగాయనకైతే దగ్గు అనిట! అందుకే రోజూ పొద్దున్నే ఖాళీ బీరువా ఎత్తించి, ఆ మాటకి అందరి చేతులూ ఒకేసారి లేచేలా చేశాను.

నిన్న కొత్త మేనేజరు ఈల తెచ్చి, "నీ అరుపుతో ఇక పనిలేదు తాతా, ఇంటికెళ్లు" అన్నాడు. పక్కకి జరిగాను. ఇనప్పెట్టె మూడో అంతస్తు ఎక్కాలి. ఈల ఊదాడు. ఒక్కడూ వంగలేదమ్మా! పొడుగాయన చేతులు కట్టుకుని, వచ్చీరాని మన మాటల్లో, "తాత అంటేనే ఎత్తుతాం" అన్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదనుకో. గొంతు సవరించుకుని "హో" అన్నాను. పెట్టె పువ్వులా లేచింది. ఈల జేబులోకి పోయింది!

నా మోకాలి పట్టీ అటక మీదుంది, పంపు. కుళాయి కారడం ఆగిందా? అమ్మ మందులు మానకుండా చూడు. మీ నాన్న ఎప్పుడొస్తాడని అడిగినవాళ్లకి, ఆయన లేకపోతే అక్కడ పెట్టె కదలదని చెప్పు. పిల్లాపాపలతో చల్లగా ఉండు తల్లీ.

మీ నాన్న