తీసేసిన లైను

మేస్త్రీ గారికి నమస్కారం.

ఇంట్లో మా తమ్ముడు మిమ్మల్ని అలాగే అనేవాడు, ఏమీ అనుకోకండి. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మీ డీబగ్గర్‌కి చిన్న చిన్న మరమ్మతులు చేసి ఊరికే పంపేవాడే, వాడు. క్రితం వారం ఆసుపత్రిలో కన్నుమూశాడు.

వాడు చివరగా పంపిన మార్పు చూసి మీరు "ఈ లైను ఎందుకు తీసేశావు?" అని అడిగారు. జవాబు రాలేదంటూ రోజూ మెయిలు వస్తోంది. జవాబు వాడు నాకు చెప్పే పోయాడు: "ప్రోగ్రాము దానికి పైనే వెనక్కి తిరిగిపోతుందక్కా. ఆ లైను దాకా ఎప్పుడూ రాదు. ఉన్నా లేనట్టే." అంతకు మించి నాకు తెలీదు. జాలిపడి మాత్రం వాడి మార్పు తీసుకోకండి. తప్పుంటే ఎప్పటిలాగే చీవాట్లు పెట్టండి. అవి నాకు చదివి వినిపించి మరీ నవ్వేవాడు.

ఇంకొక్క మాట. ఏ లైను ఎవరు రాశారో పక్కన పేరు కనబడుతుందట కదా. నిన్న వాడి స్నేహితుణ్ణి కూర్చోబెట్టి మీ ఫైళ్ళన్నీ వెతికించాను. ఎక్కడా వాడి పేరు లేదు. ఇంట్లో కుళాయి కారుతున్నా లేవకుండా ఇన్నేళ్ళు చేసింది ఇదా అని ఒళ్ళు మండింది.

"వాడు చేసిందంతా పనికిరానివి తీసెయ్యడమే అక్కా. తీసేసిన చోట పేరు నిలవదు" అన్నాడతను.

అంతేనేమో. ఇవాళ పొద్దున వాడి మంచం తీయించేశాం. గదంతా ఖాళీ. అమ్మ మాత్రం కిటికీ మూయడానికి తిన్నగా వెళ్ళడం లేదు. మంచం ఉన్న చోటు చుట్టూ తిరిగి వెళ్తోంది.

ఇట్లు,
వాడి అక్క