ఎర్ర ట్రాక్టరు గేర్‌బాక్సు మూత ఎవరు బిగించాలి

ఏలూరు జిల్లా, ఉంగుటూరు కాపురస్తుడు, కీర్తిశేషులు యోహాను గారి కుమారుడు, ట్రాక్టరు గేర్‌బాక్సు మెకానిక్కు, డెబ్బై ఆరేళ్ళ సత్యవేదం అనే నేను, మనసు నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం జరగవలసిన సంగతులను నా చేత్తో రాస్తున్నాను. నా బుద్ధి నిలకడ మీద అనుమానం ఉన్నవారు ఏ పాత ట్రాక్టరునైనా తెచ్చి నా ముందు గేరు మార్చి చూపించవచ్చు. ఏ చక్రానికి పళ్ళు అరిగాయో చప్పుడు విని చెబుతాను. మనుషులు చెప్పేది వినడంలో మాత్రం నా చెవి అంత గొప్పది కాదని అయిదో క్లాజులో ఒప్పుకోబోతున్నాను కాబట్టి మధ్యలో ఎవరూ లేచి వెళ్ళవద్దు.

1. ఇంతకుముందు నేను రాసిన మూడు వీలునామాలూ రద్దు. వాటిలో రెండు కోపంలో రాసినవి, ఒకటి జ్వరంలో రాసినది. దీన్ని అమలు చేసే బాధ్యత నా కుమార్తె, కామవరపుకోటలో లెక్కల టీచరుగా ఉన్న బ్లెస్సీకి అప్పగిస్తున్నాను. మా కుటుంబంలో కాగితాన్ని చదివాక సంతకం పెట్టే మనిషి ఆమె ఒక్కతే.

2. ఉంగుటూరులోని పెంకుటిల్లు, దాని వెనక ఖాళీ స్థలం నా కుమారుడు హర్షవర్ధన్‌కు, బ్లెస్సీకి చెరిసగం. మధ్యలో గోడ కట్టవద్దు. ఈ కుటుంబానికి సరిపడా గోడలు నేనే కట్టాను.

3. హర్షవర్ధన్ ఏలూరులో చేపల మేత అమ్ముతాడు. మాట తీపి, చేతికి గ్రీజు అంటదు. షెడ్డులో ఉన్న 1974 నాటి ఎర్ర ట్రాక్టరును తాడేపల్లిగూడెంలో ఫంక్షన్ హాలు నడిపే జనార్దనరావు గారికి అమ్మేద్దామని రెండేళ్ళుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. "ఊరికే తుప్పు పడుతుంది కదండీ నాన్నగారూ, గేటు దగ్గర పెడితే ఎంత అందంగా ఉంటుందండీ" అంటాడు. పెళ్ళి కాబోయే జంటలు దాని మీద కూర్చుని ఫొటోలు తీయించుకుంటారట. ఊరికే కూర్చుంటే చాలదట, హాలు చుట్టూ ఒక రౌండు తిరగాలట. అందుకని గేర్‌బాక్సు బాగుచేసి ఇమ్మని ఈ మే నెలలో కబురు వచ్చింది. హర్షవర్ధన్‌కు నా చేతి గడియారం, నా మోపెడ్ ఇస్తున్నాను. ట్రాక్టరు ఇవ్వడం లేదు. జనార్దనరావు గారికి నా షెడ్డు బయట పడి ఉన్న విరిగిన స్టీరింగు చక్రం ఉచితం. దాన్ని గేటుకు తగిలించుకోవచ్చు, ఫొటోకు గేర్లతో పనేముంది.

4. నా భార్య హన్నమ్మ కుట్టు మిషను మా కోడలు సిల్వియాకు. నేను నల్లగా చేసిన తువ్వాళ్ళన్నీ ఈ అమ్మాయి నవ్వుతూనే ఉతికింది. రెండుసార్లు నవ్వలేదు, ఆ రెండుసార్లూ తప్పు నాదే.

5. ఇప్పుడు అసలు సంగతి. దీన్ని, నన్ను సమాధి చేశాక జరిగే ఆదరణ కూడికలో, అందరూ భోజనాలకు లేవకముందే, బ్లెస్సీ పూర్తిగా చదవాలి. నేను మంచివాణ్ణని సాక్ష్యం చెప్పదలచినవారు ఇది విన్నాక చెప్పాలి. అప్పుడు కూడిక తొందరగా ముగుస్తుంది.

గేర్‌బాక్సు విప్పినప్పుడు, కింది షాఫ్టుకు ఆయిల్ వెళ్ళే కన్నాల్లో మట్టి పడకుండా గుడ్డ పీలికలు కుక్కుతాం, మూత బిగించే ముందు తీసేస్తాం. నా భార్య హన్నమ్మ తన పాత చీర చింపి లెక్కగా ఏడు పీలికలు ఇచ్చేది. పని అయ్యాక ఏడూ తీసుకుని కిరసనాయిల్లో ఉతికి ఆరేసేది. 1993 జూలైలో నేను ఈ ఎర్ర ట్రాక్టరు గేర్‌బాక్సు విప్పి, బాగుచేసి, మూత బిగించాను. ఆ సాయంత్రం ఆమె, "ఆరే వచ్చాయండీ, ఒకటి తక్కువుంది" అంది. ఎక్కడో పడిపోయి ఉంటుందిలే అన్నాను.

హన్నమ్మ తమ్ముడు విశ్వాసం నా దగ్గర డ్రైవరు. అతను ఆయిల్ పోసుకుని, బురదలో దిగబడని ఇనప కేజ్ వీల్సు కట్టుకుని, కొల్లేటి పక్క చేలల్లో నాట్లకు దమ్ము చేయడానికి వెళ్ళాడు. మూడో రోజున బురద మధ్యలో గేర్‌బాక్సు పట్టేసింది. పళ్ళు విరిగి, పెట్టెకు కన్నం పడింది. నేను వెళ్ళేసరికి లోపల ఆయిల్ చుక్క లేదు. ఉన్నదంతా ఆ కన్నంలోంచి బురదలోకి పోయింది, కానీ కోపంలో ఉన్నవాడికి అంత ఆలోచన ఎక్కడిది. ఆయిల్ పోయకుండా తోలాడని గట్టు మీద ఉన్న రైతులందరి ముందూ కేకలేశాను. "పోశాను బావగారూ, నా మాట నమ్మండి" అన్నాడు. నమ్మలేదు. ఇంటికి వచ్చాక హన్నమ్మ మళ్ళీ ఆ పీలిక మాట ఎత్తింది. తమ్ముణ్ణి కాపాడుకోవడానికి గుడ్డముక్కలు లెక్కపెడుతున్నావా అని అరిచాను. ఆ తరవాత ఆమె నా కోసం మరో చీర చింపలేదు.

అంతటితో ఆగానా? తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా ఏ షెడ్డుకు వెళ్ళినా ఆయిల్ దొంగ అని అతని పేరు పాడుచేశాను. విశ్వాసానికి మళ్ళీ ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. ముప్పై రెండేళ్ళుగా కొల్లేటి గట్టున చేపల చెరువుకు కాపలా ఉంటున్నాడు. అతను తప్పు ఒప్పుకునేదాకా ఆ గేర్‌బాక్సు ముట్టనని నేను పంతం పట్టాను. ఊళ్ళో వాళ్ళ గేర్‌బాక్సులన్నీ విప్పిన మొనగాణ్ణి, నా సొంతదాన్ని విప్పలేదు. 2011లో హన్నమ్మను సమాధి చేసిన రోజున, అతను లోపలికి రాకూడదని కబురు పెట్టాను. అక్క మీద పిడికెడు మట్టి వేయనివ్వలేదు. గేటు బయటే నిలబడి ఏడ్చాడు. అది చూసి కూడా నేను భోజనం చేశాను.

ఈ మే నెలలో, జనార్దనరావు గారి ఫొటోల పుణ్యమా అని, మూత తీశాను. కింది షాఫ్టు ఆయిల్ కన్నంలో నల్లటి గుడ్డ బిగుసుకుని ఉంది. కిరసనాయిల్లో నానబెడితే ఆకుపచ్చ అంచు బయటపడింది. హన్నమ్మ బిస్కట్ల డబ్బా తెరిచి చూశాను. అదే అంచు పీలికలు, ఉతికి మడత పెట్టినవి, ఆరు ఉన్నాయి. ఎప్పటికైనా నేను అడుగుతానని దాచి ఉంటుంది. నేను అడగలేదు.

విశ్వాసం ఆయిల్ పోశాడు. దారి మూసింది నేను. అతను దొంగ కాడు, అబద్ధాలకోరు కాడు. హన్నమ్మ లెక్క తప్పలేదు.

6. ఎర్ర ట్రాక్టరు, షెడ్డు, అందులోని సమస్త పనిముట్లు నా బావమరిది విశ్వాసానికి సర్వహక్కులతో ఇస్తున్నాను. నా పిల్లలకు గాని, వారి తరఫు వారికి గాని వీటి మీద ఏ హక్కూ లేదు. ఇది బహుమానం కాదు. అతనికి జరిగిన నష్టానికి ఇది సమానమూ కాదు.

7. దీని మీద విశ్వాసం చేత సాక్షి సంతకం పెట్టించాలని నా బుర్రకు తోచింది. ఆస్తి పొందేవాడే సాక్షిగా సంతకం చేస్తే ఆ ఆస్తి అతనికి దక్కదని ఏలూరు లాయరు బిందు గారు ఆపారు. లేకపోతే, మర్యాద చేస్తున్నాననుకుంటూ అతన్ని మరోసారి ముంచేవాణ్ణి. దీని మీద సాక్షి సంతకాలు చేస్తున్న లేతు పని ఫణీంద్రకు, స్పేర్‌పార్ట్స్ కొట్టు రుక్మిణి గారికి ఇందులో ఏమీ రాయకపోవడానికీ అదే కారణం, వారి మీద కోపం లేదు.

8. చచ్చాక క్షమాపణ అడగడం చాలా సులువు, జవాబు వినక్కర్లేదు. నేను ఆ సులువుకే ఆశపడ్డానని బ్లెస్సీ మొహం మీదే చెప్పింది. "మామయ్యకి బతికుండగా చెప్పండి నాన్నగారూ" అంది. అందువల్ల దీని నకలు ఒకటి ఈ రోజే రిజిస్టరు పోస్టులో విశ్వాసానికి పంపుతున్నాను. అతను రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే అడిగే హక్కు నాకు లేదు.

పెట్టె కన్నానికి వెల్డింగు అయింది. కొత్త బుష్షు ఫణీంద్ర తీసిచ్చాడు. గేర్లన్నీ కడిగి వరసగా బల్ల మీద పేర్చాను. మూత నేను బిగించను. పక్కనే పీలికలు ఏడూ ఉన్నాయి. బిగించే ముందు విశ్వాసమే లెక్క చూసుకోవాలి.

తేదీ: 12 జూలై 2025, ఉంగుటూరు

(సంతకం) సత్యవేదం

ఇతను మా ఎదుట సంతకం చేయగా చూసి సంతకాలు చేసిన సాక్షులు:
1. ఫణీంద్ర, లేతు వర్క్స్, తాడేపల్లిగూడెం
2. రుక్మిణి, ట్రాక్టరు స్పేర్‌పార్ట్స్ కొట్టు, ఏలూరు