తవుడు కుండ క్షేమమేనా?

ఫుకుఓకా, జులై 14

సుమికో పెద్దమ్మకు షిజుయో తలవంచి నమస్కరించి రాయునది.

ముసురు పోయి ఎండ కాసింది, సంతోషం. మనసులో మాట సూటిగా చెప్పేయడం ప్రేమా, మొరటుతనమా? చిన్నప్పటినుంచీ నాకు తేలని ప్రశ్న ఇది. అందుకే జాగ్రత్తగా రాస్తున్నాను.

వరద వచ్చాక రాత్రిళ్లు బడిలో తలదాచుకుని, పగలు ఇల్లు కడుక్కుంటున్నారని విన్నాను. గోడ మీద నీటి చారను ఎవరిచేతైనా ఫొటో తీయించాకే కడగండి, మునిసిపాలిటీవాళ్లు అడుగుతారు. బురదలో మేకులుంటాయి, మందపాటి బూట్లు వేసుకోండి. బూజుకి మాస్కు కట్టుకోండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మెయిన్ స్విచ్ జోలికి వెళ్లకండి. వరదనీరు తగిలిన తిండి మంచిది కాదంటున్నారు. అన్నట్టు, అమ్మమ్మ నాటి తవుడు కుండ ఎలా ఉంది? వంకాయలు ఊరేసే ఆ తవుడును మీరు రోజూ చేత్తో కలపడం నాకు కళ్లకు కట్టినట్టుంది.

మీ షిజుయో

తా.క.: కుండ కోసం మీరేమీ శ్రమ పడకండి.

బడి హాలు, జులై 17

చిరంజీవి షిజుయోకి ఆశీస్సులు.

నువ్వు సూటిగా అడగవు, మీ అమ్మ పోలికే. అది కూడా "టీ వద్దక్కా" అంటూనే మూడు కప్పులు తాగేది. శ్రమ పడకండి అంటే పడమనేగా! కుండ క్షేమం. గట్టి మూత, నీళ్లేం చేస్తాయి? ఈ వేడికి పులిసిపోకుండా ఫ్రిజ్‌లో పెడతాను. అందుకని శనివారం మెయిన్ స్విచ్ వేసేస్తున్నాను.

నీ పెద్దమ్మ

తా.క.: ఎలక్ట్రీషియన్ నివాతా పదిరోజులు ఆగమన్నాడు. స్విచ్ వేయడానికి పదిరోజులెందుకు, ఒక వేలు చాలు.

ఫుకుఓకా, జులై 18, ఎక్స్‌ప్రెస్ పోస్టు

పెద్దమ్మా,

నమస్కారాలు తరవాత. మీ ఫోను వరదపాలయింది, రైలు వంతెన కొట్టుకుపోయింది, నాకు ఉత్తరం తప్ప దారి లేదు. స్విచ్ వేయకండి! గోడల్లో ఇంకా నీళ్లుంటాయి, ప్రాణం పోతుంది. కుండ పారేయండి. మూత ఎంత గట్టిదైనా అందులోకి మురుగునీరు వెళ్లే ఉంటుంది. దాన్ని తినకండి, ఎవరికీ పెట్టకండి, ఒట్టి చేత్తో కలపకండి. నాకా కుండ వద్దు, మీరు కావాలి.

షిజుయో

తా.క.: మొరటుగా రాసినందుకు క్షమించండి. క్షమించకపోయినా స్విచ్ మాత్రం వేయకండి.

బడి హాలు, జులై 20

షిజుయోకి,

నలభై ఆరేళ్లకి నోరు తెరిచావు తల్లీ! నీ ఉత్తరం హాలంతటికీ చదివి వినిపించాను, చప్పట్లు కొట్టారు. స్విచ్‌కి నేను మొదటిరోజే ఎర్రగుడ్డ కట్టేశాను. కుండ కూడా ఆ రోజే బూట్లు, గ్లవుజులు వేసుకుని చెత్తబండికెత్తాను. మూత తీస్తే మురిక్కాలవ కంపు. డెబ్భై ఎనిమిదేళ్లొచ్చాయి, ఆమాత్రం తెలీదా? నువ్వు అంత బెంగగా అడిగావని క్షేమం అని రాశాను. స్విచ్ సంగతి మాత్రం నిన్ను కదిలిద్దామని.

నీ పెద్దమ్మ

తా.క.: నీ పెళ్లికి ఆ కుండలో తవుడు సగం పంచి ఇచ్చాను చూడు, ఇక మన ఇంట మిగిలింది అదే. ఒక గుప్పెడు పంపు. పాలకు తోడు పెట్టినట్టు, దాన్ని కొత్త తవుడులో కలిపి మళ్లీ మొదలెడతాను.

ఫుకుఓకా, జులై 23

పెద్దమ్మకు నమస్కారాలు.

నా సగం పదకొండేళ్ల క్రితమే చచ్చిపోయింది. ఒక సదస్సుకి వెళ్లి వచ్చేసరికి నల్లగా బూజు పట్టింది. ఏటా కొత్త సంవత్సరానికి మీకు పంపిన వంకాయలు స్టేషను కింద దుకాణంవి. "అచ్చం అమ్మ చేతి రుచి" అని మీరు రాసిన ఉత్తరాలన్నీ దాచుకున్నాను.

ఈ ఉత్తరం పక్కనే, అదే దుకాణంలో కొన్న తవుడు గుప్పెడు పొట్లం కట్టి పెట్టాను. రెండింటి మీదా మీ చిరునామా రాశాను, స్టాంపులు కూడా అంటించాను.

షిజుయో

తా.క.: ఏది పోస్టు చేయాలో నాకింకా తేలడం లేదు.